నాగలికి తగిలిన రోమ్

హైదరాబాద్ స్టేట్ మ్యూజియంలో వెంట వచ్చినవాళ్లంతా మమ్మీ దగ్గరికి పరిగెత్తారు. నేను మాత్రం రోమన్ నాణేల దగ్గరే ఆగిపోయా. నెల్లూరు సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

1786లో నెల్లూరు దగ్గర ఓ రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం అడ్డుపడింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఓ కుండ. అందులో రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, మహారాణి ఫౌస్టీనాల బొమ్మలతో బంగారు నాణేలు! పాత బంగారమని అమ్మేశాడు, చాలావరకు కరిగించేశారు. ముప్పై పైచిలుకు ఆర్కాటు నవాబు కొడుకు చేతికి చిక్కబట్టి ఈ మాత్రమైనా తెలిసింది.

సరుకుల కోసం ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు (రోమన్ నాణేలు) ఇండియాకే పోతున్నాయని ఆ రోజుల్లో రోమ్‌లో ప్లినీ అనే రచయిత ఒకటే గోల. ఆ రైతుని మాత్రం ఏమనగలం? చక్రవర్తి ఎవరైతే ఆయనకేం, కంసాలి చూసేది తూకమేగా!