ఎముక అతికింది, కీలు అలిగింది

చీలమండ విరిగిందని చెప్పగానే అందరూ ఎముక సంగతే అడుగుతారు. అతుక్కుందంటే "హమ్మయ్య" అనేసి వెళ్లిపోతారు. నన్ను ఎముక బాధపెట్టింది కొన్నాళ్లే. కీలు పెట్టిన తిప్పలు మాత్రం నెలల తరబడి సాగాయి.

నల్లగొండలో ఇంటి ముందుగదిలోనే నా కుట్టుపని. వానలో మెట్ల మీద జారాను, కుడి చీలమండకు బయటివైపు ఉబ్బెత్తుగా కనిపించే ఎముక, అదే గిలక, విరిగింది. ఎముక పక్కకు జరగలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదని మోకాలి కింది నుంచి సిమెంటు కట్టు వేశారు. ఇలాంటి వాటికి ఆరు వారాల కట్టు మామూలే. విప్పి చూస్తే పిక్క సగమైంది, చర్మం పొట్టు లేచింది. పాదం పైకెత్తమంటే వేళ్లు మాత్రం ఆడాయి.

మా పుట్టిల్లు మర్రిగూడ వైపు. కీళ్లు పట్టేయడమంటే అక్కడివాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మెడ తిప్పలేని, నడుము వంచలేని మనుషుల మధ్య పెరిగాను. మా నాన్న పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరిగేవాడు. అందుకే డాక్టరును ముందు ఆ మాటే అడిగాను. ఆయన నవ్వలేదు. "అది వేరు, ఇది వేరమ్మా. ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకుని వెన్నును, కీళ్లను గట్టిపరుస్తుంది. నీది ఒక్క కీలు. కదలక బిగుసుకుంది, కదిపితే వదులుతుంది" అన్నారు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మావైపు బడిపిల్లలను అడిగినా చెబుతారు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు. కట్టులో పెట్టిన చీలమండకు ఏమవుతుందో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. కదలకుండా ఉంచితే కీలు చుట్టూ ఉండే పొర ముడుచుకుంటుంది, పిక్క కండ, దాన్ని మడమకు కలిపే స్నాయువు పొట్టివవుతాయి. పైగా రెండు గిలకల నడుమ ఇమిడి ఉండే ఎముక ముందువైపు వెడల్పు, వెనకవైపు సన్నం. పాదం పైకి వంచేకొద్దీ ఆ వెడల్పు భాగం గిలకల మధ్యకు జరగాలి. అందుకే పాదం కిందికి వంగినంత సులువుగా పైకి వంగదు. మనకు కావలసిందేమో అదే. గొంతుకూర్చోవాలన్నా, మెట్లు దిగాలన్నా పాదం పైకి వంగి తీరాలి. కాగితం మీద ఎన్ని డిగ్రీలు రాసినా, మన ఇళ్లలో అసలు పరీక్ష గొంతుకూర్చోవడమే.

"అక్కా, టేపు నీ మెడలోనే ఉంది కదా, నువ్వే కొలుచుకో" అని ఆ అమ్మాయి ఒక కొలత నేర్పింది. గోడకు ఎదురుగా పాదం పెట్టి, మడమ లేవకుండా మోకాలిని వంచి గోడకు తాకించాలి. ఎంత వెనక్కి జరిగినా మోకాలు అందుతుందో చూసి, అక్కడ బొటనవేలికీ గోడకూ మధ్య దూరం కొలవాలి. ఎడమకాలికి నాలుగు అంగుళాలు దాటింది. కుడికాలి బొటనవేలు గోడకు ఆనించినా మోకాలు తగల్లేదు. బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దతోనే నేల మీద గీత గీశాను. వారం వారం ఆ గీతలే నా రిపోర్టులు. అత్తమ్మ ఇల్లు తుడిచేటప్పుడు వాటిని చెరపకుండా పక్కనుంచి తుడిచేవారు. పొద్దున, సాయంత్రం చీలమండ చుట్టుకొలత కూడా చూసుకునేదాన్ని. సాయంత్రానికి బాగా పెరిగిందంటే ఆ రోజు ఎక్కువసేపు నిలబడ్డానన్నమాట. పడుకుని, కాలు గుండె కంటే ఎత్తుగా దిండ్ల మీద పెట్టుకుంటే తగ్గేది.

వ్యాయామాలు పెద్దవేమీ కావు. గోరువెచ్చని నీళ్ల బకెట్‌లో పాదం పెట్టి బొటనవేలితో అఆలు రాయడం, పాదానికి తువ్వాలు తగిలించి నా వైపు లాక్కోవడం. అఆలలో 'ఋ' ఒక్కటి చాలు, చీలమండ అన్ని దిక్కులకూ తిరుగుతుంది. ఒకేసారి గంటసేపు చేస్తే వాపే మిగిలేది. రోజంతా కొద్దికొద్దిగా చేస్తే లాభం కనబడింది. సాగుతున్నట్టు ఉండాలి, పొడిచినట్టు ఉండకూడదు. నొప్పి మరునాటి పొద్దుటికీ మిగిలి ఉంటే ఆ రోజు తగ్గించేదాన్ని.

ఇంతకంటే ఎక్కువ మేలు చేసింది నా మిషనే. మోటారు పెట్టించుకుని ఏళ్లయింది. కాలిపలక మీద పాదం ఎలాగూ ముందుకూ వెనక్కూ ఊగాలి కదా అని ఫిజియో అమ్మాయిని అడిగితే, బరువు లేకుండా మొదలుపెట్టమంది. మోటారు తీయించి, పాత తోలు బెల్టు ఎక్కించాను. మొదట్లో సూదికి దారం లేకుండా, కింద బట్ట లేకుండా ఉత్తినే తొక్కాను. మడమ దించినప్పుడు కాలు ఒక్క క్షణం తడబడినా చక్రం వెనక్కి తిరిగేది. తర్వాత దారం ఎక్కించాక అది తెగిపోయేది. మరో మనిషి చెప్పనక్కర్లేదు, కాలు ఎక్కడ మొండికేస్తోందో మిషనే చెప్పేది. మొదటి లంగా అంచు దారం తెగకుండా పూర్తయినప్పుడు కొలతల పుస్తకంలో తేదీ రాసుకున్నాను.

ఈలోగా సలహాలకు కొదవ లేదు. మంచం దిగొద్దని కొందరు. నాటువైద్యుడు ఒక్కసారి లాగి వదిలితే సర్దుకుంటుందని మరికొందరు. కొత్తగా అతికిన ఎముకను బలవంతంగా లాగితే మళ్లీ దెబ్బతింటుందని డాక్టరు గట్టిగా చెప్పారు. పిక్క వాచి, వేడెక్కి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చని, పాదం భగ్గున మండుతూ చర్మం రంగు మారినా ఆలస్యం చేయకుండా రమ్మని కూడా అన్నారు. నాకు ఆ అవసరం పడలేదు. కర్ర విషయంలో మాత్రం అందరూ నన్ను సరిదిద్దబోయేవారు. దెబ్బ కుడికాలికైతే కర్ర ఎడమచేతిలోనే పట్టాలి.

ఇప్పుడు కుడికాలి గీత ఎడమకాలి గీతకు అర అంగుళం తక్కువలో ఆగింది. పొద్దున్నే మొదటి నాలుగడుగులు బిగువుగానే పడతాయి. పీట సాయం లేకుండా గొంతుకూర్చోగలను, మడమ కొద్దిగా లేస్తుంది.

నేను నా కాళ్లతో చెరువుగట్టు గుట్ట మీది శివుడి గుడికి ఎక్కాలని అత్తమ్మ మొక్కుకున్నారట. జనం ఉండే అమావాస్య వద్దని మామూలు రోజున వెళ్లాం. ఎక్కేటప్పుడు ఇబ్బంది లేదు, అత్తమ్మ కంటే ముందే పైకి చేరాను. దిగడమే కష్టం. ముందుకాలు కింది మెట్టు మీద పడేలోపు పైమెట్టు మీదున్న చీలమండ బాగా వంగాలి. ఆ మిగిలిన అర అంగుళం అక్కడ అడ్డం పడుతుంది. ఘాట్ రోడ్డు మీదుగా ఆటోలో దిగుదామన్నాను. మొక్కు ఏమవుతుందని అత్తమ్మ సందేహపడ్డారు. "మీరు మొక్కింది ఎక్కుతానని కదా, దిగుతానని కాదు కదా అత్తమ్మా" అన్నాను. కాసేపు ఆలోచించి, తనే ముందు ఆటో ఎక్కారు.