నిండుగా తిరిగొచ్చిన నీళ్ల బాటిల్

మా పాపకు 5 ఏళ్లు. విద్యాసంవత్సరం మధ్యలో, తనకు బాగా చేరువైన టీచర్ ప్రసూతి సెలవు మీద వెళ్లగా, ఆవిడ స్థానంలో కొత్త టీచర్ వచ్చారు. ఆ మార్పు గురించి మాకు అందినది రెండు వాక్యాల చీటీ మాత్రమే. చదివి పక్కన పెట్టాను గానీ, అది రెండు వాక్యాలతో తేలిపోయే సంగతి కాదని వారం తిరగకముందే తెలిసివచ్చింది.

మొదటి మూడు రోజులూ తేడా ఏమీ కనిపించలేదు. నాలుగో రోజు నుంచి పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. ఏడాది క్రితమే మానేసిన పక్క తడపడం మళ్లీ రెండుసార్లు జరిగింది. బడి నుంచి రాగానే, బూటు పట్టీ ఊడిరావడం లేదన్నపాటి కారణానికే గుమ్మంలో నిలబడి వెక్కివెక్కి ఏడ్చేది. కొత్త వ్యక్తి దగ్గర కుదురుకోవడానికి పసిపిల్లలకు కొన్ని వారాలు పడుతుందనీ, బడిలో అణచుకున్నదంతా ఇంటికి వచ్చి అమ్మ ముందు వెళ్లగక్కడం మామూలేననీ నాకు తెలియక కాదు. మన పిల్ల దాకా వచ్చేసరికి అలా తెలిసినదేదీ సమయానికి అక్కరకు రాదు.

నా అసలు పొరపాటు ప్రశ్నలు అడిగిన తీరులో ఉంది. ఒక సాయంత్రం పాప బొమ్మలతో బడి ఆట ఆడుతూ, గుడ్డ కుందేలును గోడవైపు మొహం పెట్టి కూర్చోబెట్టింది. నా గుండె ఝల్లుమంది. "టీచర్ నిన్ను కూడా ఇలాగే కూర్చోబెట్టారా?" అని అడిగాను. "ఊఁ" అంది. "కోప్పడ్డారా?" అంటే "ఊఁ." "రోజూనా?" అంటే "రోజూ. పదిసార్లు." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మా వారు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, అంతే గంభీరంగా, "టీచర్ క్లాసులోకి ఏనుగును తీసుకొచ్చారా?" అని అడిగితే, దానికీ "ఊఁ" అనే చెప్పింది.

తరువాత కాస్త చదివితే, మనస్తత్వ శాస్త్రవేత్తలకు ఇది పాత సంగతేనని తెలిసింది. 1995లో మిషెల్ లైక్ట్‌మన్, స్టీఫెన్ సీసీ ప్రచురించిన అధ్యయనంలో, శామ్ స్టోన్ అనే పేరుతో ఒక వ్యక్తి పిల్లల తరగతికి వచ్చి, కాసేపు ఉండి, దేన్నీ పాడుచేయకుండా వెళ్లిపోతాడు. అతను ఎక్కడికి వెళ్లినా ఏదో ఒకటి పాడుచేస్తాడని పిల్లలకు ముందే నూరిపోసి, ఆ తరువాత వారాల తరబడి జవాబు అందిస్తున్నట్టుగా ప్రశ్నలు అడిగినప్పుడు, 3, 4 ఏళ్ల పిల్లల్లో చాలామంది పుస్తకం చించిందీ, ఎలుగుబంటి బొమ్మకు మరకలు చేసిందీ అతనేనని చెప్పారు. మా పాప అబద్ధమాడలేదు. నేను అందించిన జవాబునే నాకు తిరిగి ఇచ్చింది. అలాగని పిల్లల మాటను కొట్టిపారేయాలని కాదు. ఎవరూ అడగకుండానే తనంతట తాను, టీచర్ కొట్టారనో, అందరి ముందూ అవమానించారనో చెప్పి ఉంటే, నేను ఒక్క పూట కూడా ఆగేదాన్ని కాదు.

అందుచేత ప్రశ్నలు మానేసి, ఒక వారం పాటు చూసింది చూసినట్టుగా, తనంతట తాను చెప్పింది చెప్పినట్టుగా ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. మూడో రోజు నీళ్ల బాటిల్ కడగబోతే అది బరువుగా తగిలింది. మూత తీసి చూస్తే, పొద్దున నేను నింపిన మట్టానికి ఒక వేలెడు కూడా తగ్గలేదు. మర్నాడూ అంతే. బూటు పట్టీ దగ్గర ఏడుపు ఎందుకో కూడా అప్పుడే తట్టింది: ఇంట్లోకి అడుగు పెట్టగానే పాప పరుగెత్తాలని చూసేది బాత్రూంలోకి, ఊడిరాని పట్టీ దానికి అడ్డం. మూత్రం బిగబట్టుకుంటే ఇన్ఫెక్షన్ రావచ్చు, నీళ్లు తక్కువ తాగితే మలబద్ధకం రావచ్చు. ఆ రెండింటివల్లా కడుపునొప్పీ, పక్క తడపడమూ కలగవచ్చు. ముందు డాక్టరుకు చూపించి, మూత్ర పరీక్షలో ఏమీ లేదని తేలాక, టీచర్‌ను కలవాలని నిశ్చయించుకున్నాను.

సమయం కోరుతూ రాత్రి కూర్చుని మూడు పేరాల ఉత్తరం రాశాను. మా వారు చదివి, "ఇది ఉత్తరమా, నోటీసా?" అన్నారు. మళ్లీ చదివితే "ఎందుకు" అనే మాట నాలుగుసార్లు కనిపించింది. చింపేసి, పాప బడిలో నీళ్లు తాగడం లేదనీ, ఒక పదిహేను నిమిషాలు మాట్లాడాలనీ రెండు వాక్యాలు రాసి పంపాను.

పిల్లలందరూ వెళ్లాక, పాపను తీసుకువెళ్లకుండా నేను ఒక్కదాన్నే వెళ్లాను. టీచర్ గొంతు నిజంగానే పెద్దది. ఖాళీ గదిలో కూడా ఆవిడ ఆఖరి వరుసకు వినిపించేటట్టే మాట్లాడారు. కూర్చోగానే ఒక గోడ వారగా ఉన్న పొట్టి పుస్తకాల అర, దాని ముందు పరచిన చాప నా కంట పడ్డాయి. పని త్వరగా ముగించినవాళ్లు అక్కడ, గోడవైపు తిరిగి, బొమ్మల పుస్తకాలు చూసుకుంటారట. కుందేలు శిక్ష అనుభవించడం లేదన్నమాట. రాసుకువచ్చిన ప్రశ్నల్లో మొదటిదాన్ని అడగకుండానే కాగితం మడిచి పెట్టేశాను.

బాత్రూం సంగతి చెప్పేసరికి ఆవిడ మొహం వాడిపోయింది. పాత టీచర్ దగ్గర పిల్లలు అడగకుండానే లేచి వెళ్లివచ్చేవారు. ఎవరు గదిలో ఉన్నారో, ఎవరు లేరో తెలియాలని, చెయ్యెత్తి గట్టిగా అడిగి వెళ్లాలన్న నియమం ఈవిడ పెట్టారు. అందరూ తిరిగి చూస్తుండగా ఆ మాట పైకి అనడానికి సిగ్గుపడి, అసలు నీళ్లే తాగకపోతే ఆ అవసరమే రాదన్న ఉపాయం మా పాప కనిపెట్టింది. "మీ అమ్మాయి నాతో ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదండీ. నేనంటే ఇష్టం లేదేమో అనుకున్నాను," అన్నారు టీచర్. ఆ బెంగ ఆవిడకూ ఉంటుందన్న ఆలోచనే అప్పటిదాకా నాకు రాలేదు.

చివరికి ప్రతి పిల్లకూ ఒక రంగు అట్టముక్క ఇచ్చి, వెళ్లేటప్పుడు దాన్ని టీచర్ బల్ల మీద పెట్టి, తిరిగివచ్చాక తీసుకోవాలన్న ఏర్పాటు ఆవిడే ఆలోచించారు. పాపను పాత చోటుకే, కిటికీ పక్కకు మార్చమని అడిగితే మాత్రం ఒప్పుకోలేదు. రెండు వారాలు చూద్దామన్నారు. గొంతు కాస్త తగ్గించమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ అసంతృప్తి కొంత ఇంటిదాకా నాతోనే వచ్చింది.

బాటిల్ మొదటి వారం సగానికి, రెండో వారం అడుగుకు వచ్చింది. కడుపునొప్పి మాత్రం ఆ తరువాత కూడా కొన్నాళ్లు ఉదయాల్లో తొంగిచూసి, ఎప్పుడు మానిందో తెలియకుండా మానింది. కిటికీ పక్క చోటు గురించి నేను మళ్లీ కదిపేసరికి, పాపే పక్కనున్న కొత్త స్నేహితురాలిని వదిలి రానంది.

మొన్న బొమ్మలకు పాఠం చెబుతూ ఇల్లు దద్దరిల్లేటట్టు కేకలు పెడుతుంటే, "ఎందుకమ్మా అంత గట్టిగా?" అన్నాను. చేతిలో స్కేలు పట్టుకునే నావైపు తిరిగి, "వెనకాల కూర్చున్న ఏనుక్కి వినబడొద్దా?" అంది.