లోహితాస్యుణ్ణి ఎవరడిగారు?

"అంతా బాగుంది, మరి ఆయన భార్య ఏమంది?" అని అడిగింది ఎదురుగా కూర్చున్న అమ్మాయి. మ్యూజిక్ స్టూడెంట్.

జైలు నుంచి తప్పించుకునే దారి ఉన్నా సోక్రటీస్ ఎందుకు వెళ్లలేదన్నది ఇవాళ చర్చ. మధ్యలో నేను హరిశ్చంద్రుణ్ణి దింపాను. మాట కోసం రాజ్యం వదిలాడు, ఆలుబిడ్డల్ని అమ్మాడు, కాటికాపరి అయ్యాడు. తాతయ్య పాడే కాటి సీను పద్యాలు వింటూ పెరిగినవాణ్ణి, బాగానే చెప్పాననుకుంటా.

చంద్రమతే తనను అమ్మమందని చెప్పాను. వెంటనే ఇంకొకడు, "సరే, పిల్లాణ్ణి ఎవరడిగారు?"

ప్రొఫెసర్ ఏమీ అనలేదు. ఈ క్లాసులో ఆయన పని దాదాపు అంతే, మేం వాదించుకుంటుంటే వినడం.

అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో బ్యారెట్ ఆనర్స్ కాలేజీ అనగానే మావాళ్లు "ఎక్స్‌ట్రా ఫీజు కట్టి మరీ ఎక్స్‌ట్రా పని దేనికిరా" అంటారు. నిజమే. ఫస్టియర్‌లో హ్యూమన్ ఈవెంట్ అనే ఈ చర్చల క్లాసు రెండు సెమిస్టర్లు చదవాలి, చివర్లో థీసిస్ రాసి డిఫెండ్ చేసుకోవాలి. మామూలు కోర్సుల్లోనూ ఆనర్స్ క్రెడిట్ కావాలంటే ప్రొఫెసర్‌తో కాంట్రాక్ట్ మాట్లాడుకుని అదనంగా ఏదో ఒకటి చేయాలి. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో హరిశ్చంద్రుడి గురించి ఎవరూ అడగరు కూడా.

కానీ చిన్నప్పటి నుంచి విన్న కథలో ఆ పిల్లాడి వైపు నేనెప్పుడూ చూడలేదు. పద్యం అంత బాగుంటే ఎవరు చూస్తారు?

తాతయ్యకి ఫోన్ చేసి అడిగితే కాసేపు ఆలోచించి, "వాడికి పద్యాలు తక్కువ రా" అన్నాడు.

శుక్రవారానికి పేపర్ ఇవ్వాలి. టాపిక్ మార్చేశాను. లోహితాస్యుడి వైపు నుంచి ఎవరైనా రాసింది మీకు తెలిస్తే చెప్పండి, అర్జెంట్.