ఓబన్‌కా, మాలేగ్‌కా: స్కాట్లండ్ తీరంలో రేవు ఎంచుకున్న నా అనుభవం

స్కాట్లండ్ పశ్చిమ తీరం నుంచి దీవులకు పడవలు నడిచే రేవుపట్టణాలు ఇంకా ఉన్నా, కారు లేకుండా రైలు మీదే ఆధారపడిన మాకు చివరికి మిగిలినవి రెండే: ఓబన్, మాలేగ్. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌లో బయలుదేరే కొన్ని రైళ్లు క్రియన్‌లారిఖ్ దగ్గర రెండుగా విడిపోతాయి. ఒక భాగం ఓబన్‌కూ, రెండోది ఫోర్ట్ విలియం మీదుగా మాలేగ్‌కూ వెళతాయి. ఎక్కే రైలు ఒకటే అయినా ఏ పెట్టెలో కూర్చోవాలో ముందే తేల్చుకోవాలన్నమాట. ఓబన్‌కు సుమారు మూడు గంటల ప్రయాణం, మాలేగ్‌కు ఐదు గంటలు దాటుతుంది.

మా వారి మనసు మొదటినుంచీ మాలేగ్ మీదే ఉంది. ఆ దారిలో గ్లెన్‌ఫినన్ దగ్గర 21 కమానులతో ఒంపు తిరిగిన కాంక్రీటు వంతెన వస్తుంది; 1901లో ప్రారంభమైన ఆ మార్గం చూడటానికే ఎంతోమంది వెళతారు. నాకూ ఒక ఆశ ఉంది. మాలేగ్ నుంచి పడవలో చేరుకోగలిగే ఎగ్ అనే చిన్న దీవిని 1997లో అక్కడి నివాసులు, తోడ్పడిన సంస్థలతో కలిసి కొనుక్కున్నారు. నీరు, గాలి, ఎండలతో కరెంటు తయారుచేసుకునే సొంత వ్యవస్థను 2008లో ఏర్పరచుకున్నారు. అలాంటి చోట ఒక్క పూటైనా గడపాలని ఎంతోకాలంగా అనుకుంటున్నాను. మా అత్తయ్యగారు కోరినది మాత్రం అయోనా మఠం ఒక్కటే. అయోనా అనే చిన్న దీవికి దారి ఓబన్ నుంచి, మల్ దీవి మీదుగా.

ఫొటోలు చూస్తూ కూర్చుంటే ఈ విషయం ఎన్నటికీ తేలదని, పడవల టైమ్‌టేబుళ్లు ముందు పెట్టుకుని ఒక కాగితం మీద గడులు గీసి నింపడం మొదలుపెట్టాను. చిక్కంతా అక్కడే బయటపడింది. ఎగ్, రమ్, మక్, కానా దీవులకు వెళ్లే పడవ అన్ని దీవులనూ రోజూ తాకదు, తాకే వరుస కూడా వారాన్ని బట్టి మారుతుంది. ఒక రోజు దీవిలో దిగి కొన్ని గంటలు తిరగడానికి వీలుంటే, మరో రోజు దిగితే అదే రోజు వెనక్కి రావడానికి పడవ ఉండదు. మాలేగ్ నుంచి స్కై దీవిలోని ఆర్మడేల్‌కు వేసవిలో తరచుగానే పడవలున్నాయి, కాని మాకు కావలసింది స్కై కాదు. ఓబన్ గడిలో పరిస్థితి వేరు. మల్ దీవిలోని క్రెగ్న్యూర్‌కు వేసవిలో రోజుకు ఎన్నో పడవలు, ఒక్కొక్కటి సుమారు 50 నిమిషాల ప్రయాణం. ఒకటి తప్పిపోతే మరొకటి ఉంటుంది.

ఆ తీరంలో గాలి లేస్తే పడవలు ఆగిపోవడం మామూలే కాబట్టి, నా దృష్టిలో ఇదే అసలు ప్రశ్న: పడవ కదలని రోజున ఆ ఊళ్లో మనం ఏం చేస్తాం? మాలేగ్ చిన్న ఊరు. కొన్ని మైళ్ల దూరంలో మొరార్ తెల్ల ఇసుక తీరం ఉంది, నిజమే, కాని వానలో పెద్దవారిని అక్కడికి తీసుకువెళ్లలేం. ఓబన్‌లో తలదాచుకునే చోట్లు ఎక్కువ, కాస్త తెరిపి ఇస్తే ఎదురుగా ఉన్న కెరెరా దీవికి కొద్ది నిమిషాల్లో దాటవచ్చు.

ఈ లెక్కలన్నీ మా వారికి చూపించాను. ఆయన కాసేపు చూసి, "వంతెన ఎక్కడికీ పోదు, ఈసారి అమ్మ అడిగిందే చూద్దాం" అన్నారు. అత్తయ్యగారు మాత్రం, "మీ ఇష్టం నాన్నా, నా చేత మెట్లు మాత్రం ఎక్కించకండి" అన్నారు. ఆ మాటతో కొండ మీది మెకేగ్స్ టవర్‌ను ఆవిడ జాబితా నుంచి తీసేశాం. మెకేగ్ అనే బ్యాంకరు 1897లో మొదలుపెట్టిన ఆ కట్టడం 1902లో ఆయన మరణంతో ఆగిపోయింది. కిటికీల వరుసలతో గుండ్రటి గోడ మాత్రమే నిలిచి ఉంది. ఒక సాయంత్రం మేమిద్దరమే వెళ్లి చూసివచ్చాం.

ఓబన్‌లో నాకు బాగా నచ్చినది స్టేషనూ రేవూ పక్కపక్కనే ఉండటం. పెద్దవారితో, సామానుతో వెళ్లేవారికి అది ఎంత మేలో చెప్పలేను. క్రెగ్న్యూర్‌లో దిగి, మల్ దీవిని అడ్డంగా దాటే బస్సులో గంటకు పైగా ప్రయాణించి ఫిన్నఫర్ట్ చేరాం. చాలావరకు ఒకే వాహనం పట్టే రోడ్డు అది. ఎదురుగా బండి వస్తే పక్కకు తప్పుకోవడానికి అక్కడక్కడా చోటు వదిలారు. అక్కడ నుంచి అయోనాకు పడవలో పది నిమిషాలు. సందర్శకుల కార్లను దీవిలోకి రానివ్వరు కనుక మఠం దాకా నెమ్మదిగా, ఏ హడావిడీ లేకుండా నడవగలిగాం.

క్రీ.శ. 563లో కొలంబా అనే క్రైస్తవ సన్యాసి నెలకొల్పిన మఠం అది. ఇప్పుడున్న భవనాలు చాలా తర్వాతి కాలానివి. వాటి ముందున్న సెయింట్ మార్టిన్ శిలువ మాత్రం 8వ శతాబ్దం నుంచీ అదే చోట నిలిచి ఉంది. ఒకవైపు శిశువుతో ఉన్న మరియమ్మ, మరోవైపు మెలికలు తిరిగిన పాములు, గుండ్రని బొడిపెలు. అత్తయ్యగారు దాని చుట్టూ మళ్లీ మళ్లీ తిరిగి చూశారు. తిరుగు బస్సు వేళ ముందే రాసి పెట్టుకున్నందువల్ల ఆవిడను తొందరపెట్టవలసిన అవసరం రాలేదు.

మాలేగ్ గడులు గీసిన కాగితాన్ని భద్రంగానే ఉంచాను. ఎగ్‌లో దిగి తిరగడానికి వీలున్న వారాలు చూసుకుని, వచ్చే వేసవిలో మేమిద్దరం క్రియన్‌లారిఖ్ దగ్గర రెండో భాగంలో ఉండేలా టికెట్లు తీసుకోవాలని నిర్ణయించుకున్నాం.