బిగుసుకుపోయిన మరలు, రంగు వేయని మాస్టు

నేను ఆ తీరంలోని బోటు యార్డుకు చేరేసరికి మా మిత్రుడి తెరచాప పడవ మాస్టును, అంటే తెరచాపను నిలిపే పొడవాటి స్తంభాన్ని, క్రేనుతో దింపి, చెక్క దిమ్మెల మీద పొడవునా పడుకోబెట్టారు. రంగు వేయడంలో సాయపడదామని బయలుదేరిన నాకు, అక్కడ గడిపే కాలంలో సింహభాగం రంగు డబ్బా మూత తీయకుండానే గడిచిపోతుందని దాన్ని చూశాకే అర్థమైంది. మాస్టుకు బిగించిన ఫిట్టింగులు, అంటే తాళ్లు చుట్టి లాగే వించీల అడుగున, తాళ్లు కట్టే క్లీట్ల అంచుల వెంట పాత రంగు పొక్కులుగా లేచింది. ఆ ఫిట్టింగులను అలాగే ఉంచి చుట్టూ రంగు పూస్తే ఆ అంచుల నుంచే నీరు దూరి కొత్త రంగూ లేచిపోతుంది కనుక, ముందు అన్నిటినీ ఊడదీయక తప్పదు.

మాస్టు అల్యూమినియంది, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి. ఈ రెండూ తాకే చోట ఉప్పునీరు చేరితే అక్కడ చిన్న బ్యాటరీ తయారై అల్యూమినియం తినుకుపోతుంది. అలా పుట్టిన తెల్లని పొడి, పోయిన లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మరల సందుల్లో గట్టిపడి స్క్రూను కదలనివ్వదు.

ముందుగా స్క్రూ తలల గాళ్లలో పేరుకున్న రంగును సన్నని మొనతో తవ్వి తీశాం. గాడి శుభ్రంగా లేకపోతే డ్రైవరు జారి తల అరిగిపోతుంది, ఆపైన అన్నీ తిప్పలే. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నాననిచ్చాం గాని, ఆ గట్టి పొడిలోకి నూనె పెద్దగా ఇంకుతుందని నాకు నమ్మకం లేదు. పని చేసింది వేడి. ఒక డిగ్రీ వేడికి మీటరు పొడవు అల్యూమినియం సుమారు 23 మైక్రోమీటర్లు సాగితే స్టెయిన్‌లెస్ స్టీలు 16, 17 దగ్గరే ఆగుతుంది కనుక, స్క్రూ చుట్టూ మాస్టును హీట్ గన్‌తో వేడి చేస్తే పట్టు సడలుతుంది. మంట పెట్టడం మాత్రం ప్రమాదం: అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే బలం కోల్పోతుంది, పైగా ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు.

వేడి తగ్గకముందే ఇంపాక్ట్ డ్రైవరును గాడిలో ఆనించి సుత్తితో కొట్టాం. ప్రతి దెబ్బకూ అది స్క్రూను లోనికి నొక్కుతూనే తిప్పుతుంది. చాలాసేపు మోత తప్ప ఏమీ లేదు. తరువాత టక్కుమని చప్పుడై, తల చుట్టూ తెల్లని పొడి రాలింది. అప్పుడు ఒక్కసారిగా విప్పేయకుండా, కాస్త ముందుకూ వెనక్కూ తిప్పుతూ, మధ్యమధ్య నూనె చుక్కలు వేస్తూ బయటికి తెచ్చాం.

అలా లొంగనివాటి తలలను డ్రిల్లుతో తొలిచి ఫిట్టింగును ఎత్తేశాం, మిగిలిన మొండేన్ని మళ్లీ వేడి చేసి లాకింగ్ ప్లయరుతో పట్టి తిప్పాం. స్టెయిన్‌లెస్ స్టీలును తొలిచేటప్పుడు వేగం తక్కువగా, ఒత్తిడి ఎక్కువగా ఉండాలి. బిట్టు ఊరికే రాసుకుంటూ తిరిగితే లోహం మరింత గట్టిపడుతుంది. మొండెం కూడా తెగిపోయిన చోట రంధ్రాన్ని పెద్దది చేసి కొత్త మర కోయడమే మేలు. స్క్రూలకు బదులు రివెట్లు, అంటే మరలు లేని బిగింపు మేకులు, ఉన్న చోట పని సులువు, కాకపోతే లోపల రాలిన ముక్కలను మాస్టు వాల్చి దులపాలి, లేదంటే అవి లోపలే గలగలలాడుతుంటాయి.

నేను తిరుగు ప్రయాణమయ్యేనాటికి మాస్టును ఇసుక కాగితంతో రుద్ది, తాజా లోహం మీద మళ్లీ ఆక్సైడు పేరుకోకముందే ప్రైమరు పూశాం. ఫిట్టింగులను తిరిగి బిగించేటప్పుడు అడుగున వేయడానికి పలుచని ప్లాస్టిక్ ముక్కలు కత్తిరించి, మరలకు రాసే పేస్టుతో పాటు మిత్రుడికి అప్పగించి వచ్చాను.