మెదక్ చర్చిలో అమ్మ మొక్కుబడి

మొత్తానికి ఈ క్రిస్మస్‌కి అమ్మ మొక్కుబడి తీరింది. మోకాలి ఆపరేషన్ మంచిగా అయితే మెదక్ చర్చిలో తెల్లవారుజాము ఆరాధనకి వస్తానని దేవునికి మాట ఇచ్చింది మరి.

మా ఊళ్లోనూ గుడి ఉంది. చిన్న పెంకుల గుడి, యాభై మంది వస్తే నిండిపోతుంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్ట్ మిషన్ కాలంలో కట్టింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడ్డాక అందులో కలిసింది కానీ మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ "మనం వెస్లీ మిషనోళ్లం" అనే అంటారు. దాని చరిత్ర ఎక్కడా రాసి లేదు, అంతా నానమ్మ చెప్పిందే. నానమ్మ వాళ్ల నాయన మెదక్‌లో ఆ మిషన్ పాదిరి పాస్నెట్ దొర చర్చి కట్టిస్తుంటే రాళ్లు మోశాడట. కరువు రోజులు, పని చేసినవాళ్లకి తిండి. 1914లో మొదలై పదేళ్లు సాగి, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయింది. ఆ 175 అడుగుల శిఖరం చూసి అందరూ దొరనే తలుచుకుంటారు, నాకు మాత్రం గంజి కోసం రాయి మోసిన ముత్తాతే గుర్తొస్తాడు.

ఐదు వేల మంది పట్టే మందిరం అంటారు. ఆ రోజు మెట్ల దగ్గరే ఊపిరాడలేదు. ప్రార్థన నడుస్తుంటే సెల్ఫీలేంటో, ఫోన్లలో అరుపులేంటో! కొత్త మోకాలితో అమ్మని ఎవరు తోసేస్తారోనని నాకు ఒకటే టెన్షన్. లోపల ఓ పెద్దావిడ, మాకు ముక్కూ మొహం తెలియదు, తన మనవడిని లేపి ఒళ్లో కూర్చోబెట్టుకుని "దా అక్కా, ఈడ కూసో" అంది. కింద కూర్చోలేదని తెలిసి వెనక ఎవరినో గట్టిగా అడిగి కుర్చీ కూడా తెప్పించింది. అమ్మ ఏడ్చేసింది.

మేం వెళ్లేసరికి రంగు అద్దాల కిటికీలు నల్లగా ఉన్నాయి. వెలుతురు వచ్చేకొద్దీ యేసు పుట్టుక కిటికీలో ముందు నీలం, తర్వాత ఎరుపు, ఆ తర్వాత మరియమ్మ తల్లి మొహం. సరిగ్గా చూసేలోపే జనం మమ్మల్ని బయటికి నెట్టేశారు.

మా ఊరి ఆరాధన పదకొండుకి. బస్సు దొరక్క షేర్ ఆటోలో పడి వెళ్లేసరికి కానుక పాట కూడా అయిపోయింది. అమ్మకి అదొక్కటే కోపం, ఇంకా నామీద చూపిస్తూనే ఉంది.