పన్నెండు డాలర్ల ఫొటో

న్యూయార్క్ వెళ్లినవాళ్లంతా స్వేచ్ఛాదేవి ముందు ఫొటో దిగొస్తారు. నేను ఊరూ పేరూ తెలియనివాళ్ల ఫొటో కొనుక్కొచ్చాను.

చెల్సియాలో శని, ఆదివారాలు పాతసామాన్ల సంత పెడతారు. అక్కడ దొరికింది. శుభలేఖలా మడిచిన అట్ట, లోపల బ్లాక్ అండ్ వైట్ ఫొటో. నైట్‌క్లబ్‌లో టేబుల్ చుట్టూ ఐదుగురు తెల్లవాళ్లు, గ్లాసులు, నిండిపోయిన యాష్‌ట్రే. వెనక ట్రంపెట్ పట్టుకుని కాస్త వంగి నిలబడ్డ నల్లజాతి కళాకారుడు. నుదుటి మీది చెమట ఫ్లాష్‌కి మెరుస్తోంది. అప్పుడే వాయించి దిగినట్టున్నాడు. అట్ట వెనక పెన్సిల్‌తో ఐదు పేర్లు. 12 డాలర్లన్నాడు, ఇచ్చేశాను. “ఎవరో ఏమో, మనకెందుకు నాన్నా?” అంది మా అమ్మాయి.

1940ల నాటి క్లబ్బుల్లో అమ్మాయిలు కెమెరాతో టేబుళ్ల మధ్య తిరిగి ఫొటోలు తీసేవారు. వెనకగదిలో వాటిని కడిగించి, జనం లేచి వెళ్లేలోపే అట్టలో పెట్టి అమ్మేవారు. మన తిరునాళ్లలో హీరో కటౌట్ పక్కన దిగే ఫొటో లాంటిదే ఈ బేరం. కాకపోతే ఇక్కడ కటౌట్‌కి ప్రాణముంది.

మర్నాడు 7వ నంబరు రైలెక్కి క్వీన్స్‌లోని కరోనా అనే పేటకి వెళ్లాం. (పేరు వినగానే మా ఆవిడ మాస్క్ వెతుక్కుంది.) అక్కడ జాజ్ ట్రంపెట్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. 1943లో ఆయన ఊళ్లో లేనప్పుడు భార్య లూసిల్ కొన్న ఇల్లది. కచేరీల నుంచి తిరిగొచ్చి, ఇది తమ ఇల్లేనా అని నమ్మకం కుదరక టాక్సీని ఆగమన్నాడట. 1971లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. నెమలికంఠం రంగు వంటిల్లు చూసి మా ఆవిడ కదల్లేదు.

లూసిల్ కాటన్ క్లబ్ డాన్సర్. ఆ క్లబ్ నల్లవాళ్ల పేట హార్లెంలో ఉన్న రోజుల్లో వేదిక మీద నల్లవాళ్లు, టేబుళ్ల దగ్గర తెల్లవాళ్లు. ఆ మాట తెలిశాక నా సంచిలోని ఫొటో బరువెక్కింది.

నేను ఎక్కువసేపు నిలబడింది ఆర్మ్‌స్ట్రాంగ్ టేపు డబ్బాల బొమ్మల దగ్గర. ఇంట్లో తన మాటలూ పాటలూ రికార్డు చేసుకుని, ఆ అట్టడబ్బాల మీద ఫొటోలు, పేపర్ ముక్కలు కత్తిరించి సెలోటేపుతో అంటించేవాడు. అలాంటివి 500 పైనే ఉన్నాయి. ఎవరో తీసిన ఫొటోల్లో ఎవరుండాలో, ఎవరి పక్కన ఉండాలో కత్తెర పట్టుకుని తనే తేల్చుకున్నాడన్నమాట.

అదే రైలు చివరిదాకా వెళ్తే ఫ్లషింగ్. గణేశుడి గుడి క్యాంటీన్‌లో దోసె కోసం కూర్చుని అట్ట విప్పాను. ఎదురుగా ఓ తెలుగు పెద్దావిడ. “మీ వాళ్లాండీ?” అంది.

“కాదమ్మా, సంతలో కొన్నాను.”

ఆవిడ అట్ట తిప్పి పేర్లు చదివింది. “ఈ బాకా ఆయన పేరేదీ? ఐదే ఉన్నాయిగా!”

కళ్లజోడు సవరించుకుని మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది.